తెల్ల కుప్ప

డిసెంబర్ 29, 2024. ఆదివారం

నువ్వు ముక్కు మూసుకున్నావు. లేదనకు, నేను చూశాను. అవనిగడ్డ బస్సులో ఎలుకలు పట్టే ఆయన నీ పక్కన కూర్చోబోతే కిటికీ వైపు జరిగి, బ్యాగు మధ్యలో పెట్టుకున్నావు. ఆయన బుట్ట నీ చెప్పుకి తగిలిందని కండక్టర్ని పిలిచావు. తర్వాత ఇంటికి పోయి వేడన్నంలో ముద్దపప్పు కలుపుకుని తిన్నావు. ఆ బియ్యం నీ కంచం దాకా రావడానికి ఆయన ఎన్ని చేలల్లో బోర్లా పడుకుని కన్నాల్లో చెయ్యి పెట్టాడో నీకక్కర్లేదు. నువ్వు చదువుకున్నావు. ఓటేస్తావు. రిపబ్లిక్ డే నాడు రాజ్యాంగ పీఠిక స్టేటస్ పెట్టుకుంటావు. నువ్వే.

ఎవర్ని అంటున్నానో నాకే తెలీదు. ఈ డైరీ ఎవరికీ చూపించను. ముప్పై ఏళ్ళు పత్రికలకి వ్యాసాలు రాసి రాసి, ఎదురుగా ఒక ముద్దాయి నిలబడకపోతే నాకు వాక్యం నడవదు.

బస్సులో ఆయన పేరు వెంకటాద్రి. యానాది. నాగాయలంక అవతల కాలవగట్టు మీద కాపురం. నేను చల్లపల్లిలో మీటింగ్ చూసుకుని అదే బస్సెక్కాను. ఆయన వస్తున్నది మా ఇంటికే. ప్రతి ఆదివారం గుడివాడ వచ్చి, నా ఫోన్లో కూతుర్ని చూసుకుని వెళ్తాడు. ఆయనది బటన్ల ఫోను.

కూతురు షీబా. పాస్టరు గారు పెట్టిన పేరు. పదకొండో ఏట నుంచి నా దగ్గర పెరిగింది, నా స్టూడెంట్. ఇప్పుడు హిమాచల్‌లో పన్నెండున్నర వేల అడుగుల ఎత్తున ఒక ఊళ్ళో ఉండి పీహెచ్‌డీ చేస్తోంది. వింటర్ ఎకాలజీ. మంచు కప్పేసిన కొండల్లో చలికాలం ఏది ఎలా బతికి బయటపడుతుందో చూసే చదువు. పాతికేళ్ళుగా గుడివాడలో జువాలజీ చెబుతున్నాను, నా సిలబస్‌లో ఆ ముక్కే లేదు.

నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు తండ్రీ కూతురూ. తిన్నావా అన్నాడు. తిన్నానంది. చలి ఎట్టా ఉంది అన్నాడు. బాగుందంది. ఆయన చివరి బస్సు అందుకోవాలని వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో మళ్ళీ ఫోను. ఈసారి నాకు.

ఏడుస్తోంది. మంచు కింద సొరంగాలు చేసుకుని బతికే వోల్స్ అనే జంతువులున్నాయి. ఎలుక జాతే, తోక పొట్టి. వాటిని ప్రాణంతో పట్టాలి, తూచాలి, గుర్తు పెట్టాలి, వదిలేయాలి. పదకొండు పట్టింది. తొమ్మిది బోనులోనే చలికి చచ్చిపోయాయి. ఫిబ్రవరి ఆఖరు దాకా టైమిచ్చారట. ఫిబ్రవరి నెలలో పట్టినవాటిలో పదింటికి ఒకటి మించి చస్తే అటవీశాఖ పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే ప్రాజెక్టు లేదు, తన పీహెచ్‌డీ లేదు.

"మా నాన్న చేతిలో చచ్చాయి, నా చేతిలోనూ చస్తున్నాయి. మధ్యలో మీరు నన్నింత చదివించడం దేనికి టీచర్?" అంది.

ఆ ప్రశ్న ఉన్నదున్నట్టు ఇక్కడ రాసుకున్నాను.  

నాన్నకి చెప్పొద్దంది. ఆయనకి తెలిసింది ఒక్కటే, కూతురు మంచు చదువుతోందని. ఎలుకల సంగతి తెలీదు.

జనవరి 2

ఇంకో రెండు పోయాయి. అక్కడ మైనస్ ఇరవై ఆరు. ఇక్కడ అమ్మ స్వెట్టర్ వేసుకుని ఫ్యాన్ ఆపమంటోంది.

జనవరి 5. ఆదివారం

వెంకటాద్రి రాలేదు. నందివాడ వైపు మినప చేలల్లో పనుందిట.

షీబా పంపిన పేపర్లు మూడు రోజులుగా చదువుతున్నాను. మంచు మీద నేనింతకాలం పెట్టుకున్న అభిప్రాయం తప్పు. నా వ్యాసాల్లో "గడ్డకట్టిన వ్యవస్థ", "మంచులా చల్లబడిన మానవత్వం" అని ఎన్నిసార్లు రాశానో. అన్నీ కొట్టేయాలి. మంచు చంపదు. పైన మైనస్ పందొమ్మిది ఉన్నరోజున, రెండడుగుల మంచు కింద, నేల మీద, షీబా థర్మామీటరు మైనస్ ఒకటి చూపించింది. అడుగున మంచు గట్టిగా ఉండదట. పంచదార పలుకుల్లా పొడిపొడిగా, గుల్లగా మారి నేలకీ మంచుకీ మధ్య జానెడు ఖాళీ ఏర్పడుతుంది. అక్కడే వీధులు, అక్కడే కొట్లు, అక్కడే పురుళ్ళు. పైన నక్క తల వంచి చెవులు రిక్కించి ఆ వీధుల్లో అడుగుల చప్పుడు వింటుంది.

ఈ ఏడు మంచు ఆలస్యంగా పడింది. దుప్పటి లేని ఆ నెలరోజుల్లోనే ఎక్కువ చచ్చి ఉంటాయని షీబా అనుమానం. ఎన్ని మిగిలాయో, ఎంత బక్కచిక్కాయో తెలియాలంటే పట్టి తూచాలి. పడితే చస్తున్నాయి.

అమ్మకి చదివి వినిపించాను. మా అమ్మ లక్ష్మీకాంతం గారికి ఎనభై ఒకటి. అంతా విని, ఇన్నాళ్ళకి అరవకుండా ఒక సంగతి చెప్పావే అంది.

జనవరి 12. ఆదివారం

వెంకటాద్రి వచ్చాడు, భార్య అమ్మాజీ కూడా. మా అమ్మ కాఫీ ఇచ్చింది. అందరికీ ఒకే రకం గ్లాసులు. ఇరవై ఏళ్ళ కింద ఆ గ్లాసుల కోసం నేను మూడు రోజులు అన్నం మానేశాను. ఆయన మాత్రం ఇప్పటికీ మెట్టు మీదే కూర్చుంటాడు. కుర్చీ వేస్తే దానిమీద కండువా పెడతాడు. అమ్మగారూ అనొద్దని మళ్ళీ చెప్పాను. సరే అమ్మగారూ అన్నాడు.

షీబా ఫోను తిప్పి కొండ చూపించింది. ఎండలో తెల్లటి వాలు, అంచు కనబడకుండా. అమ్మాజీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఎవరు ఆరబోశారే ఇంత ఉప్పు అంది.

వెంకటాద్రి లోతడిగాడు. రెండున్నర అడుగులంది. అడుగున ఎట్టా ఉంటదన్నాడు. గుల్లగా, వెచ్చగా ఉంటుంది నాన్నా అంది. 

"కుప్పేగదే, పిచ్చిదానా. తెల్ల కుప్ప" అన్నాడు.

వరికుప్ప సంగతి. కోత మిషన్లు వచ్చాక ఇటు కుప్పలు తగ్గాయి గానీ, దివిసీమలో ఇంకా అక్కడక్కడా వేస్తారు. పుష్యమాసం మంచులో పైన గడ్డి తడిసి ముద్దగా ఉన్నా కుప్ప నడుమ చెయ్యి దూరిస్తే ఒళ్ళు కాగినట్టుంటుందట. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ కుప్ప కడుపులో బొరియ చేసి పిల్లల్ని పడుకోబెట్టేదట. మనిషికి తెలియక ముందే ఎలక్కి తెలుసు అమ్మగారూ ఆ సంగతి, కుప్ప పడిన మూడో నాడు సంసారం పెట్టుద్ది అన్నాడు.

మూడు రోజులు ఇంగ్లీషులో చదివినది మెట్టు మీద కూర్చుని ఆరు వాక్యాల్లో చెప్పాడు.

ఫోన్లో షీబా ముఖం చూశాను. నోరు తెరవబోయింది. నా కళ్ళలోకి చూసింది. నోరు మూసేసుకుంది.

జనవరి 13

ఆ చూపు వదలడం లేదు. రాసేస్తాను.

పదమూడేళ్ళ కిందట వెంకటాద్రి కుటుంబం కోతల కాలానికి నందివాడ వచ్చి, మా చేను పక్క గట్టు మీద గుడిసె వేసుకుంది. ఏటా వచ్చేవాళ్ళు. మా నాన్న శేషగిరిరావు చేలల్లో ఎలుకలు ఆయనే పట్టేవాడు. షీబా బుట్టలు మోసేది. లెక్కలు చకచకా చెప్పేది. నేను తెచ్చేసుకున్నాను. అప్పటికే నాకు పేరుంది, ఉపన్యాసాలున్నాయి. ఒక పిల్లని పైకి తెచ్చి చూపిస్తానని శపథం పట్టాను. ఎవరికి చూపించాలో ఇప్పుడు గుర్తులేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆ పిల్లకి నేను మొదట ఇచ్చింది పుస్తకం కాదు. సబ్బు.

ఏడేళ్ళ తర్వాత డిగ్రీ అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయ కూలీ" అని నేనే రాశాను. మొన్న ఈ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్తుంటే, ఎలుకల మాట ఎత్తకు, జాలి పడతారు అన్నాను. ప్రాజెక్టు వోల్స్ మీదేనని తెలిశాక, మీ నాన్నకి చెప్పకు, అదే బురదలోకి మళ్ళీ దిగావని బాధపడతాడు అన్నాను. ఇది నా ఊహ. ఆయన్ని అడగలేదు. "కులవృత్తి సంకెళ్ళు తెంచండి" అన్న నా వ్యాసం రెండు సంకలనాల్లో ఉంది. ఆయనకి చదవడం రాదు.

డిసెంబర్ 29న రాసిన మొదటి పేరా తిరగేసి చదివాను. బస్సులో ముక్కు మూసుకున్నవాడికి ఒక్క బస్సు సేపే. నేను పదమూడేళ్ళు మూసుకున్నాను. ఆ పిల్ల చేత కూడా మూయించాను.

జనవరి 18. శనివారం

నాగాయలంక వెళ్ళాను. కాలేజీకి సెలవు పెట్టి, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా. పులిగడ్డ దాటాక గాలిలో ఉప్పు తెలిసింది. దారంతా చెప్పబోయే మాటలు అల్లుకున్నాను. ఉపోద్ఘాతం, చారిత్రక నేపథ్యం, ఆత్మవిమర్శ. నా రోగం అది.

గట్టు మీద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. ఎదురుగా కూలబడి, షీబా చదివేది మంచు కాదు, మంచు కింద ఎలుకలు అనేశాను. ఉపోద్ఘాతం ఎగిరిపోయింది.

చాకు ఆపాడు. ఒక్క క్షణం చూసి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అమ్మాజీని కేకేసి పిలిచి, ఇది ఎలకల కోసం అంత దూరం పోయిందంటే, మన నందివాడలో కరువొచ్చినట్టు అన్నాడు. ఆమె కూడా నవ్వింది. నేనొక్కదాన్నే ఏడుపు ముఖంతో కూర్చున్నాను.

అప్పుడు చచ్చినవాటి సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ప్రశ్నలు మొదలు పెట్టాడు. నా వైవా కూడా అంత కఠినంగా సాగలేదు. బోను దేంతో చేశారు? స్టీలు. లోపలేం వేస్తోంది? దూది. తెల్లారి దూది ఎట్టా ఉంటది? తడిసి గడ్డకట్టి. ఎంత సేపటికోసారి చూస్తోంది? మూడు నాలుగు గంటలకి. ఎక్కడ పెడుతోంది? కన్నం మూతి దగ్గర.

"ఇనప మంచం మీద దుప్పటి లేకండా పడుకోండమ్మగారూ ఈ పుష్యమాసంలో. ఎందుకు చస్తున్నాయో మీకే తెలుస్తది."

ఊపిరి ఆవిరికి ఇనుము చెమర్చుతుందట. ఆ చెమటే ఎలక మీద పడి గడ్డకడుతుందట. బుట్ట అయితే ఊపిరి పీల్చి బయటికి వదులుతుంది, గడ్డి పొడిగా ఉంటుంది. చచ్చినదాన్ని పట్టడానికి చదువెందుకు, పిల్లి చాలదా అన్నాడు.

ఇదంతా షీబాకి ముందే చెప్పి ఉంటే బాగుండేదన్నాను. మళ్ళీ చాకు తీసుకున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"మీరేగా వద్దన్నారు. ఆ పిల్ల చేతికి బుట్ట ఇవ్వొద్దు, పుస్తకం ఇవ్వండి అన్నారు మీ చేలో నిలబడి. అల్లడం నేర్పమని ఏడ్చింది రెండేళ్ళు. మీ మాట మీద నేర్పలేదు."

కోపంగా అనలేదు. అదే కష్టంగా ఉంది. కోపమైతే నాకు జవాబివ్వడం వచ్చు.

అమ్మాజీ నీచు కూర, అన్నం పెట్టింది. తిన్నాను. వచ్చేటప్పుడు వెదురు బద్దలు కట్ట కట్టి ఇచ్చింది, రేపు మీ ఇంటికాడ పిల్లకి బుట్ట అల్లి చూపించడానికి పనికొస్తాయని.

జనవరి 19. ఆదివారం

షీబాకి చెప్పాను, నాన్నకి తెలుసని.  నవ్వాడా, ఏడ్చాడా అని అడిగింది. నవ్వాడన్నాను. అప్పుడేడ్చింది.

ఆ తర్వాత మా వరండాలో రెండు గంటలు క్లాసు. వెంకటాద్రి వెదురు అల్లుతున్నాడు, ఫోను నేను పట్టుకున్నాను. అక్కడ వెదురు లేదు, వాగు పక్క విల్లో చెట్లున్నాయిట. ఇల్లు ఇచ్చిన ముసలామె కొమ్మలు కోసుకొచ్చింది. గడ్డకట్టిన కొమ్మల్ని వేడినీళ్ళలో నానబెట్టి, పొయ్యి పక్క కూర్చుని అల్లుతోంది షీబా. తండ్రి ఒక బద్ద తిప్పితే కూతురు ఒక కొమ్మ తిప్పుతుంది. సిగ్నల్ పోతే ఆయన చేతులు గాల్లో ఆగిపోతాయి. వచ్చాక అక్కడి నుంచే కదులుతాయి.

సొరకాయ ఆకారం బుట్ట. మూతి దగ్గర బద్దలు లోపలికి వాలి ఉంటాయి. దూరనిస్తాయి, తిరిగి రానివ్వవు. మూతి దాకా వచ్చేసరికి ఆయన అమ్మాజీకి అందించాడు. అక్కడి నుంచి ఆమె పని, తనకి రాదట. నలభై ఏళ్ళ సంసారంలో ఎప్పుడూ రాలేదట.

నా చెయ్యి లాగేస్తోంది. అమ్మ కుర్చీలోంచి లేచి, ఇలా ఇవ్వు, ఇంతసేపు నువ్వు దేన్నీ పట్టుకోలేవు అని ఫోను లాక్కుంది. ఎనభై ఒక్కేళ్ళ చెయ్యి వణకలేదు. పట్టు బిగించవే షీబా, వదులుగా ఉంది అని సలహా కూడా. వెంకటాద్రి, అవునండీ పెద్దమ్మగారూ, బాగా కనిపెట్టారు అన్నాడు.

ఈ దృశ్యాన్ని నా సిద్ధాంతంలో ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియలేదు. పెట్టను. ఇక్కడే ఉండనీ.

జనవరి 27

వోల్స్ బుట్టల్ని తినేశాయి.

నాలుగు బుట్టలు పెడితే నాలుగూ కొరికి తిని వెళ్ళిపోయాయి. ఇంత శ్రమ పడితే ఇంతేనా అంది షీబా. టీములో మిగతావాళ్ళు నవ్వారట. ఇక నెల రోజులే ఉంది.

నేను ఫోను చేసి చెప్పాను వెంకటాద్రికి. బెరడు తీసిందా అని ఒక్కటే అడిగాడు. తీయలేదు.

ఆకలైనోడి చుట్టూ అన్నంతో గోడ కట్టిందా అన్నాడు.

ఫిబ్రవరి 2. ఆదివారం

బెరడు ఒలిచి ఆరు బుట్టలు అల్లింది. వేళ్ళు పగిలి నెత్తురు. కెమెరాకి కనబడకుండా చేతులు కిందికి పెట్టుకుంది. అమ్మాజీ కనిపెట్టింది. చేతులు చూపించమంది. చూపించింది. 

ఎక్కడ పెట్టాలన్నది ఇవాళ్టి పాఠం. కన్నం మూతి దగ్గర పెట్టకు, గుమ్మంలో కొత్త వస్తువుంటే నువ్వు బయటికొస్తావా అన్నాడు. నడిచే దారిలో పెట్టాలి, దారి బుట్టలోంచే పోతున్నట్టుండాలి. మంచు కింద దారి పైకెలా కనబడుతుంది? దానికాయన ఎదురు ప్రశ్న వేశాడు. పుష్యమాసంలో పొద్దున్నే ప్రాణమున్న కన్నం మూతి దగ్గర మట్టి చెమ్మగా ఉంటది, ఊపిరి తగిలి. మీ మంచులో ఊపిరి తగిలితే ఏమవుద్ది?

షీబా చెయ్యి నుదుటి మీద కొట్టుకుంది. మంచు మీద అక్కడక్కడా వేలు పట్టేంత రంధ్రాలున్నాయి. కొన్నిటి అంచున ఈకల్లా మంచు నూగు కట్టి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. రెండు నెలలుగా ఫొటోలు తీస్తోంది. నూగున్నవి లోపల ప్రాణమున్నవి. వాటి వరస కలిపితే కింద వీధి.

వెంకటాద్రి ఆ ఫొటో పెద్దది చేయించుకుని చూశాడు. స్క్రీన్ మీద ఆ నూగుని చూపుడు వేలితో తాకాడు. ఊపిరి గెడ్డం పెంచింది చూడండమ్మగారూ అన్నాడు.

ఫిబ్రవరి 5

సిగ్నల్ లేదు.

ఫిబ్రవరి 6

లేదు. మంచు తుఫాను అని వార్తల్లో. ఒకటే లైను చెప్పి క్రికెట్‌కి పోయారు దరిద్రులు.

ఫిబ్రవరి 8. శనివారం, మధ్యాహ్నం 2.10

వీడియో వచ్చింది. తొమ్మిది సెకన్లు.

బుట్టలో ఎండుగడ్డి. గడ్డిలో బూడిద రంగు ఉండ. ఉండకి రెండు నల్లటి కళ్ళు. తర్వాత తూకం గిన్నెలో అది, ముప్పై నాలుగు గ్రాములు. దాన్ని అరచేతిలోకి తీసుకుని షీబా చెయ్యి మంచు మీద ఆనించింది. అది ఒక్కసారి అటూ ఇటూ చూసి, మంచులోకి మునిగిపోయింది. నీళ్ళలోకి చేప మునిగినట్టు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆదివారం దాకా ఆగలేను. బస్సుకి పోతున్నాను.

అదే రోజు, సాయంత్రం 6

నాగాయలంక బస్టాండ్ బెంచీ మీద రాస్తున్నాను.

గట్టు మీదే చూపించాను. వెంకటాద్రి మొదటిసారి చూశాడు. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ. అమ్మాజీ కూడా. చుట్టుపక్కల గుడిసెల వాళ్ళూ చేరారు. ఒకాయన, ఇంతజేసి పట్టి వదిలేసిందేంటి అన్నాడు, బాధగా.

ఏడోసారో ఎనిమిదోసారో చూశాక వెంకటాద్రి ఫోను నా చేతిలో పెట్టాడు.

"మా తాత పట్టాడు, మా నాయన పట్టాడు, నేను పట్టా. పట్టి వదిలింది ఇదొక్కతే" అన్నాడు.

గర్వమో, దిగులో, ఆ గొంతులో ఏముందో నాకు తెలిసింది. ఇక్కడ రాయను. రాస్తే వ్యాసమైపోతుంది.

ఫిబ్రవరి 16. ఆదివారం

పందొమ్మిది పట్టింది. ఒక్కటి పోయింది, ముసలిది. పర్మిట్ నిలబడుతుందని ప్రాజెక్ట్ హెడ్ అన్నాడట. షీబా అందరి ముందూ చెప్పేసింది, ఇది మా నాన్న బుట్ట, ఆయన ఎలుకలు పడతాడు అని. ఎవరూ జాలి పడలేదట. ఒకమ్మాయి, మీ నాన్నకి ఇంకా ఏం తెలుసు అని అడిగి నోట్‌బుక్ తీసిందట.

పదమూడేళ్ళు నేను కాపలా కాసిన భయం. ఎవరో నోట్‌బుక్ తీశారు, అంతే.

ఫిబ్రవరి 22. శనివారం

రిపోర్ట్ డ్రాఫ్ట్ పంపింది. నాలుగో పేజీ: "ప్రాజెక్టు బృందం ఒక సంప్రదాయ గిరిజన పద్ధతిని మెరుగుపరిచి వాడింది." అంతే. పేరు లేదు. చివర్లో కృతజ్ఞతల్లో డ్రైవర్ పేరుంది, జనరేటర్ అద్దెకిచ్చిన హోటల్ పేరుంది.

అవును మరి. శాస్త్రజ్ఞుడికి పేరుంటుంది, హోటల్‌కి పేరుంటుంది. గిరిజనుడికి పద్ధతి మాత్రమే ఉంటుంది. బెరడు తీయమని చెప్పిన పద్ధతికి నోరుందా? మూతి అల్లిన పద్ధతి పేరు అమ్మాజీ కాదా? కూర్చున్న చోటు నుంచి లేవకుండా పద్నాలుగు పేజీలు రాశాను. ఒళ్ళంతా తేలికైంది. రేపు నాలుగు పత్రికలకి పంపుతాను. ముందు షీబాకి.

ఫిబ్రవరి 23. ఆదివారం

పంపను.

షీబా చదివి ఫోను చేసింది. చాలా బాగుంది టీచర్ అంది. తర్వాత మెల్లగా అంది.

"ఇందులో మా నాన్న నాలుగుసార్లు ఉన్నాడు. 'నేను' యాభై ఒక్కసార్లుంది. లెక్కపెట్టా."

నీకు లెక్కలు నేర్పినందుకు నాకు శిక్ష అన్నాను. నవ్వింది. పేరు విషయం తను ప్రాజెక్ట్ హెడ్ సారుతో కొట్లాడుతుందట, ఆయన వింటాడట, తెలియక చేశాడట. నేను రాస్తే నాన్న మళ్ళీ ఒక ఉదాహరణ అయిపోతాడట. అంతా అయ్యాక, ఆ చిన్న గొంతుతో, పదకొండో ఏట సబ్బు తీసుకున్న గొంతుతో అంది: ఆయనకేం కావాలో మనిద్దరం ఎప్పుడూ అడగలేదు టీచర్. మీరు అడగండి. ఏది చెబితే అది రాయండి. దిద్దకండి.

అమ్మ పక్క గదిలోంచి అంతా విన్నట్టుంది. భోజనం దగ్గర, ఆ పిల్లని బాగానే పెంచావే అంది. నన్నెవరూ అలా పొగడలేదు, తిట్టినట్టుగా.

మార్చి 2. ఆదివారం

వెంకటాద్రి ఇవాళ మెట్టు మీద కాదు, కుర్చీలో కూర్చున్నాడు. నేనే వచ్చి మెట్టు మీద కూర్చున్నాను, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఒక్క మాటా కలపలేదు. ఇది షీబాకి, వాళ్ళ సారుకి, అందరికీ.

1. ఇనప బోనులు పారెయ్యాలి. పెడతామన్నవాళ్ళు ముందు తాము ఇనప మంచం మీద పడుకుని చూపించాలి.

2. బుట్ట పెట్టి టీకి పోకూడదు. గంటకోసారి చూడాలి.

3. చూలుతో ఉన్నది పడితే తూచకూడదు. వెంటనే వదలాలి.

4. పద్ధతి అని రాయకూడదు. నాగాయలంక వెంకటాద్రి బుట్ట అని రాయాలి. మూతి అమ్మాజీది. ఇంగ్లీషులో కూడా ఇట్టాగే.

5. షీబా చేతులకి వాజలైన్ పెద్ద డబ్బా.

6. తెల్ల కుప్పలో నేనొకసారి చెయ్యి పెట్టాలి. మోచేతి దాకా.

7. టీచరమ్మ ఒక బుట్ట అల్లాలి. వంకర పోయినా సరే.